సంతకానికీ మైదానానికీ మధ్య

2021 ఆగస్టు 1, సాయంత్రం అయిదు గంటలు. ఆ గడువు లోపల న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ క్లబ్ సంతకం పెట్టి ఉంటే కుమార్ రాకర్‌ చేతికి 60 లక్షల డాలర్లు వచ్చేవి. మూడు వారాల ముందు, క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, పదో ఆటగాడిగా అతన్ని ఎంచుకున్నది మెట్స్ వాళ్ళే. అంత ఇస్తామని మాట ఇచ్చిందీ వాళ్ళే. ఈలోగా వైద్య పరీక్షలు జరిగాయి. బంతులు విసిరే ఆ చెయ్యి లోపల ఎలా ఉందో చూశాక క్లబ్బుకు నమ్మకం సడలింది. అయిదు గంటలయింది. సంతకం పడలేదు.

ఇరవై ఒక్కేళ్ళ ఆ కుర్రాడి పేరు దగ్గర తెలుగువాళ్ళు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. తల్లి లలిత. ఆమె అమ్మానాన్నలు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వెళ్ళి స్థిరపడినవారు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆబర్న్ యూనివర్సిటీకి ఆడి జాతీయ స్థాయి అవార్డులు అందుకున్న ఆటగాడు, ఆ తర్వాత కోచ్. ఒడ్డూ పొడుగూ తండ్రి నుంచే వచ్చాయి. కుమార్ ఆరడుగుల అయిదంగుళాల మనిషి.

వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాది చదువుతుండగానే, 2019 జూన్‌లో, అతను అమెరికా అంతటా తెలిసిపోయాడు. డ్యూక్ యూనివర్సిటీతో పోటీ. ముందురోజు వాండర్‌బిల్ట్ చిత్తుగా ఓడింది, ఇంకొక్కటి ఓడితే ఇంటికే. ఆ రోజు కుమార్ తొమ్మిది ఇన్నింగ్సూ తానే విసిరాడు. ఒక్క హిట్ ఇవ్వలేదు, 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. స్లైడర్ అనే అతని బంతి నేరుగా వస్తున్నట్టే కనబడుతుంది. బ్యాటర్ బ్యాట్ తిప్పడం మొదలుపెట్టాక కిందికి, పక్కకి జారిపోతుంది. తిప్పిన బ్యాట్‌ను వెనక్కి లాక్కోలేక మోకాళ్ళ మీదికి వంగిపోయిన బ్యాటర్లను ఆ మ్యాచ్ వీడియోలో ఇప్పటికీ చూడొచ్చు. ఆ నెలాఖరుకల్లా వాండర్‌బిల్ట్ కాలేజీ వరల్డ్ సిరీస్ గెలిచింది. ఉత్తమ ఆటగాడు కుమారే.

అలాంటి పిచర్‌ను ఎంచుకుని, మాట ఇచ్చి, చివరి నిమిషంలో వదిలేస్తే క్లబ్బుకు నష్టం ఏమిటి? ఏమీ లేదు. సంతకం కుదరనందుకు పరిహారంగా మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో మెట్స్‌కు పదకొండో స్థానంలో ఇంకో ఆటగాణ్ణి ఎంచుకునే హక్కు దక్కింది. వాళ్ళు దాంతో కెవిన్ పరాడా అనే క్యాచర్‌ను తీసుకున్నారు. కుమార్‌కు మాత్రం ఒక ఏడాది పోయింది. పిచర్ భుజానికి ఒక ఏడాది అంటే చిన్న విషయం కాదు.

అమెరికా బేస్‌బాల్ కాంట్రాక్టుల గురించి మన దాకా వచ్చే వార్తలు వేరే రకం. షోహెయ్ ఒటానీకి డాడ్జర్స్ పదేళ్ళకు 70 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఏడాది తర్వాత, 2024 డిసెంబర్‌లో, హువాన్ సోటోకు మెట్స్ పదిహేనేళ్ళకు 76.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ అంకెలు చూసినవాళ్ళు ఇది ఆటగాళ్ళ రాజ్యం అనుకోవడం సహజం. కానీ ఆ ఒప్పందాలు ఈ వ్యవస్థకు చిట్టచివరి మెట్టు. అక్కడిదాకా చేరేవాళ్ళు కొద్దిమంది. కింద మెట్ల మీద ఆటగాడి వయసు క్లబ్ చేతిలో ఉంటుంది. అతని ఒంటికి ఏమైనా అయితే ఆ భారం అతనిదే. కుమార్ రాకర్ ఆ మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కుతూ దిగుతూ వస్తున్నాడు కాబట్టి, ఈ వ్యవస్థ తెలియాలంటే అతని దారిలోనే నడవాలి.

పోటీ లేని పాట

ఐపీఎల్ వేలంలో ఇద్దరు యజమానులు పంతానికి పోయి చేతులెత్తుతుంటే ఆటగాడి ధర పెరుగుతుంది. అమెరికా డ్రాఫ్ట్‌ను ఆ పోటీ లేకుండా చెయ్యడానికే పెట్టారు. 1965కు ముందు హైస్కూల్ కుర్రాళ్ళ ఇళ్ళ ముందు క్లబ్బుల ప్రతినిధులు బారులు తీరేవారు, బోనస్‌లు పెంచుకుంటూ పోయేవారు. డ్రాఫ్ట్ వచ్చాక ఒక కుర్రాణ్ణి ఒక క్లబ్ ఎంచుకుంటే మిగతా ఇరవై తొమ్మిదీ అతనితో మాట్లాడకూడదు. ఎంచుకున్న క్లబ్ ఇచ్చింది తీసుకోవాలి, లేదా కాలేజీకి పోయి ఇంకోసారి డ్రాఫ్ట్ కోసం చూడాలి.

ప్రతి స్థానానికీ ఒక ప్రామాణిక ధర కడతారు. దాన్ని స్లాట్ అంటారు. మొదటి పది రౌండ్లకు ఆ స్లాట్లన్నీ కలిపితే క్లబ్బు బోనస్ నిధి అవుతుంది. నిధి దాటి ఖర్చు పెడితే పన్ను కట్టాలి, మరీ దాటితే వచ్చే ఏళ్ళ డ్రాఫ్ట్ స్థానాలు పోతాయి. అంటే ఒకడికి ఎక్కువ ఇవ్వాలంటే ఇంకొకడికి తగ్గించాలి. 2021లో కుమార్ స్థానానికి స్లాట్ దాదాపు 47 లక్షల డాలర్లు. మెట్స్ ఒప్పుకున్నది 60 లక్షలు. తేడాను మిగతా కుర్రాళ్ళ దగ్గర మిగిల్చుకుందామని వాళ్ళ లెక్క.

డ్రాఫ్ట్‌కు ముందు కావాలనుకునే ఆటగాళ్ళు తమ ఎం.ఆర్.ఐ. నివేదికలను లీగ్‌కు ఇచ్చే పద్ధతి అప్పటికే ఉంది. ఇస్తే, తర్వాత క్లబ్ వెనక్కి తగ్గినా కొంత మొత్తానికైనా ఆఫర్ ఇవ్వక తప్పదు. కుమార్ ఇవ్వలేదు. అతని ఏజెంట్ స్కాట్ బోరాస్, ఈ రంగంలో అందరికన్నా పేరున్న మనిషి. మా ఆటగాడు ఆరోగ్యంగానే ఉన్నాడని ఆయన గట్టిగా చెప్పాడు. డాక్టర్లలో ఎవరు సరి అన్నది ఆ రోజున తేలే విషయం కాదు. నన్ను బాధించేది డాక్టర్ల అభిప్రాయభేదం కాదు. అనుమానం వచ్చిన క్షణంలో ఒక పక్షానికి పరిహారం, రెండో పక్షానికి ఖాళీ చేతులు అని నిబంధనలే రాసి ఉండడం. యజమానులకూ ఆటగాళ్ళ యూనియన్‌కూ మధ్య 2022లో కుదిరిన కొత్త ఒప్పందంలో ఈ భాగాన్ని సవరించారు. ముందుగా వైద్య పరీక్ష చేయించుకున్న అగ్రశ్రేణి ఆటగాడికి ఎంచుకున్న క్లబ్ స్లాట్‌లో కనీసం 75 శాతం ఇవ్వజూపాలి. కుమార్‌కు జరిగింది అందరి కళ్ళ ముందూ జరగడం వల్లే ఆ మార్పు వచ్చిందని చాలామంది అభిప్రాయం. అప్పటికి అతని ఏడాది గడిచిపోయింది.

అదే 2022 చివర పేరున్న షార్ట్‌స్టాప్ కార్లోస్ కొరెయాకూ ఇదే అయింది. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ 13 ఏళ్ళకు 35 కోట్ల డాలర్లు ఇస్తామని చెప్పి, అతని చీలమండ పాత గాయం చూసి ఆగింది. వెంటనే మెట్స్ 12 ఏళ్ళకు 31.5 కోట్లు అంది. వాళ్ళ డాక్టర్లూ అక్కడే ఆగారు. చివరికి 2023 జనవరిలో మిన్నెసోటా ట్విన్స్ ఆరేళ్ళకు 20 కోట్లు ఇచ్చింది. ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు తట్టే స్వేచ్ఛ కొరెయాకు ఉంది. ఆ ఆగస్టు సాయంత్రం కుమార్‌కు తట్టడానికి ఇంకో తలుపు లేదు. ఏడాది ఆగాల్సిందే.

ట్రాయ్ ఊళ్ళో అయిదు మ్యాచ్‌లు

2021 సెప్టెంబర్‌లో భుజానికి చిన్న ఆపరేషన్ చేయించుకున్నాడు. మళ్ళీ కాలేజీకి వెళ్ళలేదు. 2022 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న జట్టులో చేరాడు. ఏ మేజర్ లీగ్ క్లబ్బుకూ చెందని ఫ్రాంటియర్ లీగ్ జట్టు అది.

ఆ జట్టుకూ ఒక కథ ఉంది. 2020 దాకా వ్యాలీక్యాట్స్ హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు అనుబంధ జట్టు. 2021లో మేజర్ లీగ్ మైనర్ లీగులను తన అధీనంలోకి తీసుకుని, దాదాపు 160 అనుబంధ జట్లను 120కి కుదించింది. దశాబ్దాలుగా ఊరి సాయంత్రాలకు ఆధారమైన జట్లు ఒక్క జాబితాతో బయటపడ్డాయి. వ్యాలీక్యాట్స్ అందులో ఒకటి. మేజర్ లీగ్ వద్దన్న జట్టు, మేజర్ లీగ్ క్లబ్ వద్దన్న పిచర్‌ను పిలిచి బంతి చేతికిచ్చింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. అక్కడ అతను అయిదు మ్యాచ్‌ల్లో 20 ఇన్నింగ్స్ విసిరి 32 మందిని స్ట్రైకౌట్ చేశాడు. స్కౌట్లు స్పీడ్ గన్లు పట్టుకుని ట్రాయ్‌కి వచ్చారు.

ఆ జులైలో టెక్సస్ రేంజర్స్ అతన్ని మూడో ఆటగాడిగా ఎంచుకుంది. వదిలేసిన ఏడాది పదో స్థానం, మరుసటి ఏడాది మూడో స్థానం. డబ్బు మాత్రం 52 లక్షల డాలర్లు. మూడో స్థానం స్లాట్ 76 లక్షలకు దగ్గర్లో ఉంటే అందులో దాదాపు 24 లక్షలు తగ్గించుకుని సంతకం చేశాడు. మెట్స్ ఇస్తామన్న దానికన్నా కూడా 8 లక్షలు తక్కువే. రేంజర్స్ అంతకుముందు చలికాలంలో కోరీ సీగర్, మార్కస్ సెమియన్‌లను భారీ మొత్తాలకు తెచ్చుకున్నందుకు నిబంధనల ప్రకారం రెండు, మూడు రౌండ్ల స్థానాలు పోగొట్టుకుంది. కుమార్ దగ్గర మిగిలిన డబ్బును నాలుగో రౌండులో బ్రాక్ పోర్టర్ అనే హైస్కూల్ పిచర్‌కు మళ్ళించి, 37 లక్షలిచ్చి రప్పించింది. క్లబ్ వైపు నుంచి చూస్తే ఇది గట్టి ఎత్తుగడ. మెచ్చుకోవచ్చు కూడా. ఆ ఎత్తుగడ నడిచింది మాత్రం, బేరమాడే స్థితిలో లేని కుర్రాడి మీదే.

ఫ్రిస్కో సాయంత్రాలు

రేంజర్స్ మైదానం డల్లాస్ పక్కన ఆర్లింగ్టన్‌లో. మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కిందుండే వాళ్ళ డబుల్-ఏ జట్టు రఫ్‌రైడర్స్ ఆడేది ఫ్రిస్కోలో. ఫ్రిస్కో అంటే చెప్పాలా? గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్ళిన వాళ్ళ పిల్లల దగ్గరికి ప్రతి వేసవిలో మన ఇళ్ళలోంచి అమ్మానాన్నలు విమానం ఎక్కే ఊరది. ఆ మైదానంలో కుడివైపు కంచె వెనక నీళ్ళ కాలవ ఉంటుంది. జనం రబ్బరు ట్యూబుల మీద తేలుతూ మ్యాచ్ చూస్తారు. టికెట్ చవక, పిల్లలకు ఆడుకునే చోటు. చాలా కుటుంబాలు బేస్‌బాల్‌ను మొదట చూసేది ఇలాంటి చోటే. కుమార్ రాకర్ 2024లో మేజర్స్‌కు చేరే దారిలో ఇక్కడా బంతులు విసిరాడు.

నీళ్ళలో తేలుతూ చూసేవారికి మైదానంలో ఆడుతున్నవాళ్ళ జీతం ఎంతో తెలియదు. 2022 దాకా మైనర్ లీగుల పైమెట్టయిన ట్రిపుల్-ఏలో ఆటగాడి కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లు. అట్టడుగు కాంప్లెక్స్ లీగ్‌లో అయితే 4,800. పెద్ద బోనస్ అందుకున్న ఏ కొద్దిమందో తప్ప మిగతావాళ్ళు నలుగురైదుగురు కలిసి గది అద్దెకు తీసుకుని, నేల మీద పరుపులు పరుచుకుని పడుకునేవారు. చలికాలం వేరే పనులు చేసేవారు. 2018లో అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ చట్టంలో ఒక మూల ‘సేవ్ అమెరికాస్ పాస్‌టైమ్ యాక్ట్’ చేర్చి, మైనర్ లీగ్ ఆటగాళ్ళకు ఓవర్‌టైమ్ రక్షణ వర్తించదని తేల్చింది. ఆటను కాపాడుతున్నామన్న పేరుతో ఆటగాళ్ళ కూలి తగ్గించిన చట్టం అది. అంతకుముందే ఆటగాళ్ళు వేసిన దావా 2022లో 18.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో మైనర్ లీగ్ ఆటగాళ్ళు మేజర్ లీగ్ ఆటగాళ్ళ యూనియన్‌లో చేరారు. 2023 మార్చి ఆఖరుకల్లా తొలి ఒప్పందం కుదిరింది. ట్రిపుల్-ఏ కనీస జీతం 35,800 డాలర్లకు, డబుల్-ఏ 30,250కి, కాంప్లెక్స్ లీగ్ 19,800కి పెరిగాయి.

ఇన్ని దశాబ్దాలు ఆగి, యూనియన్‌లో చేరిన ఏడు నెలలలోపే జీతాలు రెండింతలయ్యాయంటే ముందు ఇవ్వలేక ఇవ్వలేదని ఎవరూ అనలేరు. అయినా ఆ ఏడాది మేజర్ లీగ్ కనీస జీతం 7.2 లక్షల డాలర్లు. అక్కడ పది రోజులు కూర్చుంటే ట్రిపుల్-ఏ ఏడాది జీతం వచ్చేస్తుంది. అందుకే పైకి పిలుపు, కిందికి పంపడం అన్నవి ఆటగాడి ఇంటి లెక్కలను తలకిందులు చేస్తాయి.

ఇరవై ఆరు, నలభై

క్లబ్ కింద నూట అరవైకి పైగా ఆటగాళ్ళుంటారు. అందులో నలభై మంది పేర్లు ఒక ప్రత్యేక జాబితాలో ఉంటాయి. మేజర్ లీగ్ మ్యాచ్ ఆడాలంటే ఆ జాబితాలో పేరుండాలి. సాధారణంగా ఒక రోజు మ్యాచ్‌కు అందుబాటులో ఉండేది అందులోంచి ఇరవై ఆరుగురు. మిగతా పద్నాలుగురిలో గాయాలతో ఉన్నవాళ్ళు పోను, మైనర్స్‌లో ఉండేవారిని ‘ఆప్షన్’ మీద పంపినట్టు లెక్క. ఒక ఆటగాణ్ణి సాధారణంగా మూడు సీజన్ల పాటు ఇలా తిప్పొచ్చు. ఒకే సీజన్‌లో ఎన్నిసార్లైనా తిప్పే పద్ధతి ఉండేది. 2022 నుంచి అయిదుసార్లకు మించకూడదన్నారు. డెట్రాయిట్‌లో అద్దెకు తీసుకున్న ఇల్లు అలాగే ఉండగా టొలీడోలో ఇంకో ఇల్లు వెతుక్కునే రిలీఫ్ పిచర్‌కు ఆ అయిదు కూడా ఎక్కువే.

నలభైలో కొత్త పేరు ఎక్కాలంటే పాత పేరు ఒకటి దిగాలి. దిగే మనిషిని ‘డిజిగ్నేటెడ్ ఫర్ అసైన్‌మెంట్’ అంటారు. ఏడు రోజుల్లో అతన్ని వేరే క్లబ్బుకు ఇవ్వాలి, లేదా వేవర్స్ మీద పెట్టి ఎవరైనా తీసుకుంటారేమో చూడాలి, లేదా వదిలెయ్యాలి. ఆ ఏడు రోజులు అతను ఏ జట్టుతోనూ ప్రాక్టీస్ చెయ్యడు. ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటాడు.

అలాంటి ఫోన్ వార్త ఒకసారి అందరి ముందూ వచ్చింది. 2015 జులై 29 రాత్రి న్యూయార్క్‌లో మెట్స్ మ్యాచ్ జరుగుతోంది. షార్ట్‌స్టాప్ విల్మర్ ఫ్లోరెస్‌ను మిల్వాకీకి ఇచ్చేశారని గ్యాలరీలో జనం ఫోన్లలో చదివేశారు. అతను బ్యాటింగ్‌కు వస్తే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎందుకో అతనికి అర్థం కాలేదు. వెనిజులా నుంచి పదహారో ఏట సంతకం చేసి ఈ క్లబ్బులోనే పెరిగినవాడు. విషయం తెలిశాక, ఇన్నింగ్స్ మధ్యలో, ఫీల్డింగ్ చేస్తూ చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. కెమెరాలన్నీ అతని మీదే. ఆ ట్రేడ్ అసలు జరగనే లేదు. మిల్వాకీ నుంచి రావలసిన కార్లోస్ గోమెజ్ తుంటి పరీక్షలో అనుమానాలొచ్చి మెట్స్ ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత పన్నెండో ఇన్నింగ్స్‌లో ఫ్లోరెస్ హోమ్‌రన్ కొట్టి మ్యాచ్ గెలిపించాడు. ఆ హోమ్‌రన్ గురించే అందరూ చెప్పుకుంటారు. నాకు ఆ కన్నీళ్ళే ముఖ్యం. ఏ ఆటగాడూ ఉద్యోగం మారిన సంగతి గ్యాలరీలో చప్పట్ల ద్వారా తెలుసుకోకూడదు.

నూట డెబ్బై రెండు రోజులు

ఇక ఈ వ్యవస్థకు గుండెకాయ లాంటి లెక్క. మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ ‘సర్వీసు’ పూర్తయ్యాకే ఆటగాడు స్వతంత్రుడవుతాడు. మొదటి మూడేళ్ళూ దాదాపు క్లబ్ ఇచ్చిందే జీతం. తర్వాతి మూడేళ్ళు మధ్యవర్తి ముందు వాదించుకునే హక్కు ఉంటుంది. సీజన్ నూట ఎనభై అయిదు రోజుల అటూ ఇటూ ఉంటే, అందులో 172 రోజులు ఉంటేనే ఒక ఏడాది సర్వీసు. ఒక్క రోజు తగ్గినా ఏడాది కాదు.

2015 వసంతంలో షికాగో కబ్స్ సన్నాహక మ్యాచ్‌ల్లో క్రిస్ బ్రయంట్ 9 హోమ్‌రన్లు కొట్టాడు, సగటు .425. అతనికన్నా సిద్ధంగా ఉన్నవాడు ఆ ఏడాది ఎవరూ లేరు. ఫీల్డింగ్ ఇంకా మెరుగుపడాలని చెప్పి క్లబ్ అతన్ని అయోవాలోని తమ మైనర్ లీగ్ జట్టుకు పంపింది. సీజన్ మొదలై ఎనిమిది మ్యాచ్‌లయ్యాక ఏప్రిల్ 17న పిలిపించింది. సీజన్ ముగిసేసరికి అతని సర్వీసు 171 రోజులు. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు అతనే. మరుసటి ఏడాది లీగ్‌కే ఉత్తమ ఆటగాడు, కబ్స్ 108 ఏళ్ళ తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది కూడా అప్పుడే. అయినా స్వేచ్ఛ 2020 చివర రావలసింది 2021 చివరికి వెళ్ళింది. అతను ఫిర్యాదు చేస్తే 2020 మొదట్లో మధ్యవర్తి క్లబ్ పక్షానే తీర్పిచ్చాడు. నిబంధన మీరినట్టు రుజువు కాలేదు, అంతే. నిబంధన న్యాయమైనదేనా అని ఎవరూ అడగలేదు.

2022 ఒప్పందం ఇక్కడా కొంత సర్దింది. ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో మొదటి ఇద్దరికీ, ఎప్పుడు పైకి వచ్చినా, పూర్తి ఏడాది సర్వీసు ఇస్తారు. పిట్స్‌బర్గ్ పిచర్ పాల్ స్కీన్స్ 2024 మేలో వచ్చి కూడా ఆ దారిలో ఏడాది సంపాదించుకున్నాడు. మంచిదే. కానీ అది ఓట్లు గెలిచిన ఇద్దరికి. మూడోవాడికి పాత లెక్కే.

ఈ ఆరేళ్ళ లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే కర్ట్ ఫ్లడ్ దగ్గరికి వెళ్ళాలి. అంతకుముందు దాదాపు తొంభై ఏళ్ళ పాటు ‘రిజర్వ్ క్లాజ్’ అన్న ఒక్క షరతు మీద ఆట నడిచింది. కాంట్రాక్టు ముగిస్తే క్లబ్ దాన్ని ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు, ఆ పొడిగింపులోనూ అదే షరతు ఉంటుంది. ఇలా జీవితాంతం. ఆటగాణ్ణి అమ్మొచ్చు, మార్చుకోవచ్చు, అతను కాదనలేడు. 1922లో సుప్రీంకోర్టు కూడా బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టాలు వర్తించవంది.

ఫ్లడ్ సెయింట్ లూయిస్ కార్డినల్స్ సెంటర్ ఫీల్డర్, ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్‌ను వరసగా ఏడేళ్ళు అందుకున్నవాడు, జీతం 90 వేల డాలర్లు. 1969 అక్టోబర్‌లో అతన్ని ఫిలడెల్ఫియాకు ఇచ్చేశారు. ఫోన్లో చెప్పారు. యూనియన్ అధిపతి మార్విన్ మిల్లర్, ఉక్కు కార్మిక సంఘం నుంచి వచ్చినాయన, దాపరికం లేకుండా హెచ్చరించారు: కేసు ఓడిపోతావు, ఆట పోతుంది, ఆ తర్వాత నీకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఫ్లడ్ వెనక్కి తగ్గలేదు. డిసెంబర్ 24న కమిషనర్ బౌవీ కూన్‌కు ఉత్తరం రాశాడు. పన్నెండేళ్ళు మేజర్ లీగ్‌లో ఆడాక తాను అమ్మకపు సరుకుగా ఉండనని, వేరే క్లబ్బుల ఆఫర్లు వినే హక్కు తనకుందని అందులో చెప్పాడు. ఫిలడెల్ఫియా లక్ష డాలర్లు ఇస్తానన్నా కాదన్నాడు. 1970 సీజన్ మొత్తం వదులుకున్నాడు. కోర్టులో అతని తరఫున పాత తరం ఆటగాడు జాకీ రాబిన్సన్ సాక్ష్యం చెప్పాడు. అప్పటికి ఆడుతున్న ఆటగాడు ఒక్కడు కూడా ఆ గది తలుపు దాకా రాలేదు. 1972లో సుప్రీంకోర్టు 5-3తో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది.

నాలుగేళ్ళు తిరక్కుండా గోడ కూలింది. ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ 1975లో కాంట్రాక్టు సంతకం చెయ్యకుండానే ఆడారు. పొడిగింపు అంటే ఒక్క ఏడాదే అని ఆ డిసెంబర్ 23న మధ్యవర్తి పీటర్ సైట్జ్ తేల్చారు. యజమానులు ఆయన్ని వెంటనే తొలగించారు. తీర్పు మాత్రం నిలబడింది. మరుసటి ఏడాది చర్చల్లో ఆరేళ్ళ సర్వీసు అన్న రాజీ కుదిరింది. ఆ రాజీకి మిల్లర్ సంతోషంగానే ఒప్పుకున్నారు. అందరూ ప్రతి ఏడాదీ స్వతంత్రులైతే బజారు నిండా ఆటగాళ్ళే, ధర పడిపోతుంది. కొద్దిమందే బయటికొస్తే ధర పెరుగుతుంది. ఆయన లెక్క తప్పలేదు. పెరిగిన ధర అనుభవజ్ఞులకు దక్కింది. ఆరేళ్ళ నిరీక్షణ కొత్తవాళ్ళ వాటాకు వచ్చింది. మిల్లర్ మీద నాకు ఎంత గౌరవమున్నా ఈ సంగతి దాచలేను.

నిరీక్షణ ఖరీదు ఎంతో సోటోను చూస్తే తెలుస్తుంది. పదహారో ఏట 15 లక్షల డాలర్లకు వాషింగ్టన్ నేషనల్స్‌తో సంతకం చేశాడు. పంతొమ్మిదో ఏట మేజర్స్‌లోకి వచ్చాడు. 2022లో నేషనల్స్ పదిహేనేళ్ళకు 44 కోట్లు ఇస్తామంటే కాదన్నాడు, వారాలు తిరక్కుండానే అతన్ని శాన్‌డియేగోకు ఇచ్చేశారు. ఇరవై ఆరో ఏట స్వతంత్రుడై 76.5 కోట్లకు సంతకం చేశాడు. తొందరగా మొదలైనవాడు తొందరగా విడుదలవుతాడు. ఇరవై నాలుగో ఏట మొదలైనవాడు ముప్ఫై దాటాక విడుదలవుతాడు, అప్పటికి క్లబ్బులు వయసు చూపించి బేరం తగ్గిస్తాయి.

అందుకే చాలామంది ఆగరు. అట్లాంటా బ్రేవ్స్ రెండో బేస్ ఆటగాడు ఓజీ ఆల్బీస్ క్యురసావ్ దీవి నుంచి మూడున్నర లక్షల డాలర్ల బోనస్‌తో వచ్చాడు. 2019లో ఇరవై రెండో ఏట ఏడేళ్ళకు మూడున్నర కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. బయట అందరూ అయ్యో అన్నారు, ఇంతకు మూడు నాలుగింతలు రావలసినవాడన్నారు. నేను అతన్ని తప్పుపట్టను. రేపు మోకాలు విరిగితే ఏమిటన్న భయం మూడు తరాలకు సరిపడా డబ్బును ఎదురుగా పెట్టి అడుగుతున్నప్పుడు కాదనడం తేలిక కాదు. ఆ భయానికి ధర కట్టి కొనుక్కోవడమే క్లబ్బులు నేర్చుకున్న విద్య. శాన్‌డియేగో ఆటగాడు ఫెర్నాండో టాటీస్ జూనియర్ అయితే మైనర్స్‌లో ఉన్నప్పుడే తన భవిష్యత్ సంపాదనలో వాటాను ఒక పెట్టుబడి కంపెనీకి రాసిచ్చాడు. 2021లో 34 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చాక ఆ వాటా ఎంతవుతుందో లెక్క తేలింది. దాని మీద 2025లో కోర్టుకెక్కాడు.

మన దేశం నుంచీ ఇద్దరు ఈ మెట్లెక్కారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ కుర్రాళ్ళు రింకూ సింగ్, దినేశ్ పటేల్ 2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీలో నెగ్గి పిట్స్‌బర్గ్‌తో సంతకం చేశారు. దినేశ్‌ను 2010లో వదిలేశారు. రింకూ గాయాలతో ఏళ్ళ తరబడి పోరాడి, చివరికి రెజ్లింగ్‌కు వెళ్ళిపోయాడు. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా రాలేదు. వాళ్ళ మీద వచ్చిన హాలీవుడ్ సినిమా సంతకం దగ్గర ఆగుతుంది. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది.

కుమార్ రాకర్ కథా అంతే. 2023 మేలో మోచేతి లిగమెంట్ తెగి టామీ జాన్ ఆపరేషన్ అయింది. ఆ శరదృతువులో రేంజర్స్ తొలిసారి వరల్డ్ సిరీస్ గెలుస్తుంటే అతను చేతికి బలం కూడదీసుకుంటున్నాడు. 2024 జులైలో మళ్ళీ బంతి పట్టి, ఫ్రిస్కో, ఆపైన ట్రిపుల్-ఏ జట్టున్న రౌండ్ రాక్ మీదుగా సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ మౌండ్ ఎక్కాడు. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు. స్లైడర్ అదే. 2025 సీజన్‌ను రేంజర్స్ రొటేషన్‌లో మొదలుపెట్టాడు. మధ్యలో భుజం ఇబ్బంది పెట్టింది, ఆగస్టులో ఆప్షన్ మీద మళ్ళీ రౌండ్ రాక్‌కి పంపారు. ఎంత తొందరగా లెక్కేసినా 2030 సీజన్ ముగిసేలోగా అతనికి స్వేచ్ఛ రాదు. ఆ నవంబర్‌లో అతనికి ముప్ఫై ఒకటి నిండుతాయి.

యజమానులకూ ఆటగాళ్ళకూ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. పోయినసారి ఇలా ముగిసినప్పుడు యజమానులు గేట్లకు తాళాలు వేస్తే తెరవడానికి 99 రోజులు పట్టింది. ఈసారి గొడవంతా జీతాల గరిష్ఠ పరిమితి చుట్టూ తిరిగేలా ఉంది. క్లబ్బులు మొత్తం జీతాలకు ఒక కప్పు వెయ్యాలని కోరుకుంటున్నాయి, యూనియన్ ఎన్నటికీ ఒప్పుకోనంటోంది. ఆ గొడవలో ఆరేళ్ళ లెక్క కనబడకుండా పోతుందేమోనని నా భయం. పోయిన చర్చల్లో యజమానులే వయసును బట్టి స్వేచ్ఛ ఇద్దామన్నారు, కాకపోతే ఇరవై తొమ్మిదిన్నరేళ్ళన్నారు. అది సోటో లాంటివాళ్ళకు అన్యాయం, ఆలస్యంగా వచ్చేవాళ్ళకు మేలు. ఆరేళ్ళ సర్వీసు గానీ ఇరవై ఎనిమిదేళ్ళ వయసు గానీ, ఏది ముందొస్తే దాన్ని గీతగా పెట్టమని అడిగే ధైర్యం యూనియన్ చెయ్యాలి. అడుగుతుందా అంటే అడ్డు ఒకటుంది. ఆ బల్ల దగ్గర కూర్చునేది మేజర్ లీగ్ ఆటగాళ్ళ ప్రతినిధులు. మైనర్ లీగ్ ఆటగాళ్ళు ఇప్పుడు అదే యూనియన్‌లో ఉన్నా వాళ్ళ ఒప్పందం వేరు, దాని గడువు వేరు. ఇక డ్రాఫ్ట్‌కు వచ్చే కాలేజీ, హైస్కూల్ కుర్రాళ్ళు ఏ యూనియన్‌లోనూ లేరు. వాళ్ళ స్లాట్లు, వాళ్ళ ఎం.ఆర్.ఐ. షరతులు, ఎవరు ఎంత కాలం ఆగాలన్న లెక్క, అన్నిటినీ తేల్చేది ఆ మెట్టు ఎప్పుడో దాటిపోయినవాళ్ళే.